జీపు వెనక ట్రాలీ

తొర్రూరు దాటి కొంత దూరం వచ్చాక జీపు ఒక్కసారిగా బరువు దిగినట్టు ముందుకు దూకింది. కౌసల్య ఒళ్ళోని సంచి జారి కాళ్ళ మీద పడింది. ఏదీ తెగిన చప్పుడు కాలేదు, విరిగిన చప్పుడూ కాలేదు. ఇంతసేపూ వెనక నుంచి వినిపిస్తున్న లొడలొడ మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. అది ఆగినందుకే ఆమె వెనక్కి తిరిగి చూసింది.

ట్రాలీ జీపును వదిలేసి తనంతట తాను వస్తోంది.

ముందుకు పొడుచుకొచ్చే దాని నొగ నేలకు దిగి కంకరను దున్నుకుంటూ, నిప్పురవ్వలు రాల్చుకుంటూ రోడ్డుకు అడ్డంగా మళ్ళింది. ఆ పక్కనే కట్టెల మోపు దించుకుని ఒక ఆడమనిషి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. కౌసల్య చెయ్యి బయటికి చాచి ఊపింది. ట్రాలీ ఆ మనిషికి బారెడు దూరంలో కాలువ గట్టును గుద్దుకుని, వెనక భాగం పైకి లేచి, దబ్బున కిందపడి ఆగింది. ఖాళీ గోనె సంచుల కట్టలు, పురుగుమందు డబ్బాలు రోడ్డంతా దొర్లాయి.

సుదర్శన్ రెడ్డి జీపు ఆపి, దిగకుండానే అద్దంలోంచి చూశాడు. "ఓరి నీ..." అని నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం వణుకు ఉన్నట్టు కౌసల్యకు అనిపించింది కానీ, దిగేసరికి అతని ముఖం మామూలైపోయింది. "భద్రయ్యా, సూడు, డబ్బాలేమన్న పలిగినయా?"

జీతగాడు భద్రయ్య మామూలుగా ట్రాలీలోనే కూర్చుంటాడు. ఈ రోజు లాంతరు చిమ్నీలు పగలకుండా ఒళ్ళో పట్టుకోమని కౌసల్యే అతన్ని జీపు వెనక ఎక్కించింది. అతను చిమ్నీల పెట్టెను మెల్లగా పక్కన పెట్టి దిగాడు. ట్రాలీ దగ్గరికి పోయి, అందులో తను రోజూ ఒరిగి కూర్చునే మూలను ఒకసారి చూశాడు. ఆ మూల రేకు లోపలికి ముడుచుకుపోయి ఉంది.

కట్టెల ఆమె ఇంకా కదల్లేదు. కౌసల్య దగ్గరికి పోయి, "తాకిందా అవ్వా?" అని అడిగింది. ఆమె లేదన్నట్టు తల ఊపింది. కాసేపటికి భద్రయ్యతో, "జర మోపు ఎత్తు అన్నా," అంది. మోపు నెత్తి మీదికి ఎక్కాక ఆమె రోడ్డు అంచున నడిచిపోయింది.

జీపు కొండిలో నొగను పట్టి ఉంచే ఇనుప సీల రోడ్డు మీద చాలా వెనక దొరికింది. సీల పైకి ఎగిరిపోకుండా దాని అడుగున ఉండాల్సిన కొక్కెం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ట్రాలీ కొత్తది. మిరపకాయల పనికి ఉంటుందని సుదర్శన్ రెడ్డి సంక్రాంతి ముందే చేయించాడు. భద్రయ్య సీలను మళ్ళీ దూర్చి, కంచె తీగ ముక్క తెచ్చి మెలి తిప్పి కట్టాడు.

"గా మనిషి..." అంది కౌసల్య జీపు కదిలాక.

"ఏం గాలే గద," అన్నాడు సుదర్శన్ రెడ్డి. "ఊకె దాన్నే తలుసుకోకు."

*

మర్నాడు పొద్దున్నే అదే ట్రాలీ కూలీల కోసం తండాకు బయల్దేరింది.

కౌసల్య వాళ్ళ ఊరు దంతాలపల్లికి దగ్గర. మిరప చేను మాత్రం వాగు అవతల, మరిపెడ పోయే దిక్కున ఉంది. నడిస్తే గంటకు పైనే పడుతుంది. కాయ ఎర్రబడ్డాక ఏరేవాళ్ళను పొద్దున్నే దింపితేనే పని సాగుతుందని ఈ ఏడు వాళ్ళను ట్రాలీలో తెస్తున్నారు. కల్లంలో కాయ ఎండబోసే పని చూసుకోవడానికి కౌసల్య అన్నం గంప పట్టుకుని ముందు సీట్లో కూర్చుంటుంది.

బయల్దేరే ముందు ఆమె వెనక్కి పోయి తీగ కట్టు చూసింది. అప్పుడే ఒక పోగు తెగి పైకి లేచి ఉంది.

"ఇది తెగేటట్టున్నది," అంది.

"నిన్న ఇంటిదాంక రాలేదా?" స్టీరింగు ముందు నుంచే అన్నాడు భర్త. "ఎక్కు. పొద్దెక్కుతాంది."

తండా దగ్గర ఆడవాళ్ళు అప్పటికే సద్దిమూటలతో నిలబడి ఉన్నారు. వాళ్ళను కూలికి కూడగట్టి తెచ్చేది సోమ్లీ. నలభై దాటిన మనిషి, సన్నగా కట్టెలా ఉంటుంది. పిలిచినంత మందినీ ఎక్కించి, తానొక్కతీ చివర ఎక్కడం ఆమె అలవాటు. ఊళ్ళో నుంచి గట్టమ్మ కూడా వస్తుంది. ముసలిదే, కానీ కాయ ఏరడంలో వయసు పిల్లలకు తీసిపోదు. లోపల కుదుపుకు నడుం నొస్తుందని గట్టమ్మ ట్రాలీ వెనక పలక మీదికెక్కి కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంది. జీపులో కౌసల్య వెనక రెండు పక్కలా రెండు పొడుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. వాటికి కొత్తగా కుట్టించిన తెల్ల కవర్లు మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆ సీట్లు ఆమె కంట పడలేదు. ఈ రోజు పడ్డాయి.

వాగు దిగుడు వచ్చింది. దిగేటప్పుడు ట్రాలీ బరువంతా జీపును వెనక నుంచి తోస్తుంది, ఎవరో వీపు మీద చేయి వేసి నెట్టినట్టు. అడుగున ఇసుకలో చక్రాలు జారతాయి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు అదే బరువు వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడుకు కొండి కిర్రుమంది. కౌసల్య అన్నం గంప అంచును వేళ్ళు నొప్పి పుట్టేలా పట్టుకుంది. వెనక ట్రాలీలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కిలకిలా నవ్వుతున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ నవ్వు విన్న కొద్దీ ఆమె మెడ వెనక్కే తిరుగుతోంది.

చేన్లో ఎండ ముదిరేసరికి ఎర్రటి కుప్పలు పెరిగాయి. కౌసల్య కల్లంలో కాయను పలచగా నెరుపుతూ, రంగు పోయిన తాలు కాయ వేరు చేస్తోంది. చేతులు మంట పుడుతున్నాయి. గంప కుమ్మరించడానికి వచ్చిన సోమ్లీ కాసేపు నిలబడింది.

"ఏంది పటేలమ్మా, పానం మంచిగ లేదా? పొద్దటి సంది మొకం గుంజుకపోయింది."

"ట్రాలీల కూసుంటె మీకు భయం గాదా సోమ్లీ?"

సోమ్లీ ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియనట్టు చూసింది. "భయమైతె ఎట్ల? పటేలు ఎక్కుమన్నడు, ఎక్కినం."

నిన్న తొర్రూరు తోవలో జరిగింది కౌసల్య నోటి దాకా వచ్చింది. చెబితే వీళ్ళు ఎక్కరు. ఎక్కకపోతే కాయ చెట్ల మీదే మగ్గుతుంది. ఇంటికి పోయాక, కూలోళ్ళను బెదరగొట్టింది నువ్వేనా అని ఆయన అడుగుతాడు. ఆమె తాలు కాయ వైపు తల వంచుకుంది. సోమ్లీ ఖాళీ గంప చంకన పెట్టుకుని సాలులోకి వెళ్ళిపోయింది.

*

ఆ వారంలోనే సుదర్శన్ రెడ్డి మేనమామ వెంకట్రాం రెడ్డి వచ్చాడు. రోడ్ల మీద బండ్లు తనిఖీ చేసే బ్రేకినిస్పెక్టరుగా చేసి రిటైరై జనగామలో ఇల్లు కట్టుకున్నాడు. మానుకోటలో పెళ్ళికి పోయి వస్తూ ఒక పూట మేనల్లుడి ఇంట్లో దిగాడు. కౌసల్య కోడిని కోయించింది. అన్నాలయ్యాక మామ చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తే సుదర్శన్ రెడ్డి ట్రాలీని మురిపెంగా చూపించాడు.

మామ దాని చుట్టూ తిరిగాడు. టైర్లను కర్రతో తట్టాడు. నొగ దగ్గర ఆగి నడుము వంచాడు.

"గొలుసేదిరా?"

"ఏం గొలుసు మామా?"

"సీల ఊడితె బండి ఉరకకుండ పట్టెటందుకు గొలుసుండాలె. ఒకటి గాదు, రెండు." కర్ర కొనతో నేల మీద గీత గీసి, దాని మీద ఇంకో గీత అడ్డంగా గీశాడు. "నొగ కింద గిట్ల కత్తెర తీర్గ కట్టాలె. అప్పుడు సీల పోయినా నొగ నేలకు కొట్టుకోదు, గొలుసుల మీదనే నిలవడ్తది. వెనక ఎర్ర లైటేది? నెంబరేది? నా చెక్‌పోస్టుల దొరికితె నిన్ను పొద్దుందాంక నిలవెట్టేటోన్ని."

సుదర్శన్ రెడ్డి నవ్వాడు. మామ కూడా నవ్వాడు. ఇంత కాలానికి తన విద్య అడిగేవాళ్ళు దొరికినందుకు ఆయనకు హుషారు వచ్చింది. "బరువు జర ముందుకుండాలెరా. వెనకకు బరువైతె తోక పట్టి ఊపినట్టు జీపును ఊపుతది, ఇగ మన చేతిల ఉండది. మరీ ముందుకైతె జీపు ముందు టైర్లు తేలుతయి. దిగుట్లైతె పైనుంచే చిన్న గేరుల దిగాలె. నడుమ బ్రేకు తొక్కితె వెనకది వచ్చి పక్కకు తన్నుతది."

వక్కపలుకుల పళ్ళెం పట్టుకుని కౌసల్య గడప దగ్గర నిలబడి ఉంది. మామ ముందు మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అయినా అడిగింది. "మనుషులను ఎక్కియ్యొచ్చునా మామయ్యా?"

"మనుషులనా? ఎక్కియ్యొద్దు. సామాండ్లకే అది. రూల్ల లేదు."

"మనం ఎక్కించేది కూలోళ్ళను మామా, చుట్టాలను గాదు," అన్నాడు సుదర్శన్ రెడ్డి.

వెంకట్రాం రెడ్డి "గదీ నిజమే," అని పెద్దగా నవ్వి, పళ్ళెంలోంచి వక్కపలుకు తీసుకున్నాడు. తర్వాత మాట పెళ్ళివారి మర్యాదల మీదికి, రాబోయే సర్పంచి ఎలక్షన్ల మీదికి పోయింది. ఈసారి నిలబడాలని సుదర్శన్ రెడ్డి ఆశ. తండా ఓట్లన్నీ తనవేనంటున్నాడు.

కౌసల్య లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. రూలు లేకపోతే ఒక తీరు. తెలియకపోతే ఒక తీరు. ఇక్కడ ఇద్దరికీ అంతా తెలుసు. తెలిసే నవ్వుకున్నారు. తాను పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆ నవ్వులో తన భాగం ఎంతో ఆమెకు అర్థం కాలేదు కానీ, లేదని మాత్రం అనుకోలేకపోయింది.

మామను బస్సెక్కించి వచ్చిన భర్తతో, "రేపు తొర్రూరు తీస్కపోయి గొలుసులు పెట్టియ్యిండ్రి," అంది.

"కాయ ఎర్రగైనంక జీపును షాపుల నిలవెట్టాల్నా? మబ్బులు చూస్తున్నవా? ఒక్క వాన పడితె కల్లమంత నల్లగైతది. ఏరుడు అయినంక పెట్టిస్త."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక నువ్వు వెనకకు చూడకు," అన్నాడు అతను, విసుగుతోనే, కానీ మెల్లగా.

చూడకుండా ఎలా ఉండాలో ఆమెకు తెలియలేదు. మర్నాడూ ఆ మర్నాడూ మెడ తిప్పి తిప్పి నరం పట్టేసింది. గుంత వస్తోందని జీపు కన్నా ముందు ఆమె ఒళ్ళు బిగుసుకునేది. ఒకరోజు భద్రయ్యను పిలిచి కొత్త తీగ కట్టించింది. అతను కడుతూ, "తీగ ఎంత కట్టినా తీగనే పటేలమ్మా," అని లేచి చేతులు దులుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనైతె ఇప్పుడు నడిచే వస్తాన. పటేలుకు చెప్పకు," అన్నాడు.

*

మబ్బులు నిజంగానే కమ్ముకున్నాయి. మధ్యాహ్నం దాటగానే పడమటి దిక్కు నల్లబడింది. ఎండిన కాయను గబగబా గోనెల్లో తొక్కి మూతులు కుట్టారు. సుదర్శన్ రెడ్డి జీపును కల్లం దాకా తెచ్చి, "అన్ని ట్రాలీలకెక్కియ్యిండ్రి. ఒక్క పెట్టున పోదాం," అన్నాడు.

గోనెలు పైకి లేచాయి. ముందు భాగం నిండాక మిగిలినవి వెనక పలక అంచుదాకా పేర్చారు. ట్రాలీ వెనక్కి ఒరిగింది. జీపు కొండి దగ్గర నొగ పైకి లేచి సీలను గుంజుతోంది. తోక పట్టి ఊపినట్టు అన్న మామ మాట, ఆయన నేల మీద గీసిన గీతలు కౌసల్యకు గుర్తొచ్చాయి.

"ఇగ మీరెక్కుండ్రి," అన్నాడు సుదర్శన్ రెడ్డి ఆడవాళ్ళతో.

"యాడికి పటేలా?" అంది సోమ్లీ.

"గోనెల మీదికి. మెత్తగుంటది."

కొందరు నవ్వారు. సోమ్లీ నవ్వలేదు. గోనెల ఎత్తు చూసింది. "మేం నడిచొస్తం తియ్యి పటేలా."

"వాన కొడ్తె వాగుల నీళ్ళొస్తయి. ఆడ ఇరుక్కుంటరు. ఎక్కుండ్రి, ఆల్చం చెయ్యకుండ్రి. రేపటి పని లేదా మీకు?"

ఆ చివరి మాట అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరే చక్రం మీద కాలు పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. గట్టమ్మను కింద నుంచి ఇద్దరు తోస్తే పైన ఇద్దరు గుంజుకున్నారు. గోనెల మీద పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

కౌసల్య జీపు దగ్గరికి పోయింది. "కొంతమందినన్న జీపుల కూసోనియ్యిండ్రి. వెనక ఖాళీగనే ఉన్నది గద."

"జీపులనా?" అతను కవర్ల వైపు చూసి, ఆమె వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇయ్యాల కూసోవెడితె రేపు మనం యాడ కూసోవాలె? ఎక్కు నువ్వు."

ఆమె ముందు సీటు కమ్మీ మీద చెయ్యి వేసింది. ఒక కాలు పైకెత్తింది కూడా. మళ్ళీ ఆ కాలు కింద పెట్టి, అన్నం గంపను సీట్లో ఉంచి వెనక్కి నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని చక్రం మీద కాలు పెట్టింది. టైరు మీది మట్టికి అరికాలు జారింది. పైన గట్టమ్మ నోరు తెరిచి చూస్తోంది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. పటేలమ్మకు చెయ్యివ్వొచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు. చివరికి సోమ్లీ ముంజేయి పట్టి లాగింది.

"ఏం జేస్తున్నవే?" సుదర్శన్ రెడ్డి దిగి వచ్చాడు. "దిగు."

"పోనియ్యిండ్రి. వాన వస్తది."

"దిగుమంటున్న."

"వీళ్ళు కూసోని వస్తలేరా? నేను గూడ గిట్లనే వస్త." ఆమె సోమ్లీ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

పక్క చేలలోంచి మనుషులు చూస్తున్నారు. అతని దవడ బిగుసుకుంది. ఇంకొక్క మాట అంటే అది పది మందిలో మొగుడూ పెళ్ళాల తగాదా అవుతుంది. అతను గిరుక్కున తిరిగి జీపెక్కాడు.

జీపు నడక వేగంతో కదిలింది. ప్రతి గుంతనూ తప్పించుకుంటూ, రాయి కనబడితే ఆగి, పక్కకు తిప్పుకుని పోయింది. పైన గాలి చల్లగా తగిలింది. కౌసల్యకు కింద జీపులో కూర్చున్నప్పుడు తెలియని సంగతి ఇక్కడ తెలిసింది. ఇక్కడి నుంచి తోవ కనబడదు. జీపు టాపు తప్ప ముందు ఏముందో ఏమీ తెలియదు. కుదుపు వచ్చాకే అది కుదుపని తెలుస్తుంది.

వాగు దిగుడు పైన జీపు ఆగింది. సుదర్శన్ రెడ్డి దిగి వచ్చి కొండి దగ్గర వంగి, తీగ కట్టును వేలితో లాగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, "దిగుండ్రి. నడిచి దాటుండ్రి," అన్నాడు.

ఆడవాళ్ళు జారుతూ దిగారు. జీపు, మనుషులు దిగిన గోనెల ట్రాలీ మెల్లగా ఇసుకలోకి దిగి, మూలుగుతూ అవతలి గట్టు ఎక్కాయి. ఏమీ కాలేదు. వాళ్ళు దాని వెనకే చీలమండల దాకా ఇసుకలో నడిచారు.

"పటేలమ్మా," అంది సోమ్లీ పక్కన నడుస్తూ. "నువ్వెక్కినవని పటేలు చీమ లెక్క నడిపిండు. గింత మెల్లగ గూడ పోవొస్తదని మాకు ఇయ్యాల్నే ఎరుక. ఏందిది? ఎందుకెక్కినవ్?"

కౌసల్య అప్పుడు చెప్పింది. సీల ఊడటం, ట్రాలీ తనంతట తాను పోవడం, కట్టెల ఆమె, ముడుచుకుపోయిన మూల, తీగ కట్టు, అన్నీ. చెబుతున్నంతసేపూ మనసు తేలికవుతుందని ఎదురుచూసింది.

ఆడవాళ్ళు నడక ఆపారు.

"గిది ఎన్నడైంది?"

"మొన్న, తొర్రూరు పోయినప్పుడు. గోనెలు తెచ్చిన నాడు."

"గోనెలు తెచ్చినంక మేం రోజూ ఎక్కుతనే ఉన్నం గద." సోమ్లీ గొంతులో కోపం లేదు. లెక్క తేలనప్పుడు మళ్ళీ అడిగినట్టు అడిగింది. "నువ్వు ముందట కూసోని రోజూ మమ్ములను వెనకకు మలిగి మలిగి చూస్తివి. ఏమో అనుకున్న. ఎప్పుడు పడ్తరో అని చూసినవా పటేలమ్మా?"

గట్టు మీద నుంచి సుదర్శన్ రెడ్డి హారన్ కొట్టాడు. ఆడవాళ్ళు ట్రాలీ వైపు పోలేదు. దాని పక్కనుంచే, పలకరించకుండా, తండా బాట పట్టి నడిచిపోయారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

*

వాన పెద్దది కాలేదు. దుమ్ము అణిగేంత పడి ఆగింది. పొద్దున తండాకు పోయిన జీపు ఖాళీగా తిరిగి వచ్చింది.

"రారట," అన్నాడు సుదర్శన్ రెడ్డి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ. "ట్రాలీ ఎక్కరట. నడిచొస్తరట. నడిచొస్తె వాళ్ళు చేన్లకు దిగేవరకు సగం పొద్దైతది. మళ్ళ పొద్దుండంగనే తొవ్వ పడ్తరు. కాయ ఎప్పుడు తెగాలె?" కౌసల్య ముందు ఆగాడు. "నువ్వే చెప్పినవ్."

"ఆఁ. నేనే చెప్పిన."

అబద్ధమాడుతుందని అనుకున్నాడేమో, అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "నెత్తికెక్కించుకున్నవ్. ఇగ దింపుకో."

ఆమె భయపడింది. ఇంకో ఊరి కూలీలను తెస్తాడేమో. తండా వాళ్ళను ఈ ఏడంతా పనికి పిలవడేమో. తన మాట వల్ల గట్టమ్మకు ఈ ఎండల్లో పని లేకుండా పోతుందేమో. ట్రాలీ ఊడిపోతుందన్న భయం ఇన్నాళ్ళూ కడుపులో ఉండేది. ఇప్పుడు దాని జాగాలోకి ఇంకోటి వచ్చి కూర్చుంది.

భద్రయ్యను పక్క ఊరికి పంపాడు. అతను పోయినంత తొందరగానే వచ్చాడు. అక్కడా అందరి చేలలో కాయ ఎర్రగానే ఉంది, మనుషులు ఖాళీ లేరు. అంతలో సోమ్లీ, గట్టమ్మ వాకిలి ముందుకు వచ్చి నిలబడ్డారు. మిగతావాళ్ళు వీధి మలుపు దగ్గర ఆగిపోయారు.

"ఏంది సోమ్లీ, కూలి సంగపోళ్ళు గిట్ల తండకొచ్చిండ్రా? ఎవలు నేర్పిండ్రు గీ మాటలు?"

"సంగం లేదు, ఎవలు లేరు పటేలా," అంది సోమ్లీ. "గట్టమ్మకు నడుం నొస్తాంది, నాకు భయమైతాంది. గంతే."

"ఇన్నొద్దుల సంది లేని భయం?"

"ఇన్నొద్దులు ఎరుక లేకుండె."

గట్టమ్మ అరుగు అంచున చెయ్యి ఆనించి నిలబడింది. "కాయ ఏరం అంటలేం అయ్యా. నడిచొస్తమంటానం. మా కాళ్ళు మాకున్నయ్."

సుదర్శన్ రెడ్డి వాళ్ళ తల మీదుగా ఆకాశం వైపు చూశాడు. మబ్బు మళ్ళీ కడుతోంది. కౌసల్య గడపలో నిలబడి అతని వీపునే చూస్తోంది. ఆ వీపు ఎప్పుడు బిగుసుకుంటుందో, ఎప్పుడు నోరు జారుతుందో అని చూస్తోంది. అతను జీపు వెనక్కి పోయి, వంగి, తీగ మెలిని విప్పడం మొదలుపెట్టాడు. మెలి మొండికేసింది. వేలు గీసుకుని నెత్తురు వచ్చింది. "రేయ్ భద్రయ్యా, కటింగ్ ప్లేయర్ తే," అన్నాడు. సీల ఊడదీశాక ఇద్దరూ నొగ పట్టి ట్రాలీని గోడవారకు తోశారు.

సీట్ల కవర్లు తీయమని చెబుతాడని కౌసల్య అనుకుంది. చెప్పలేదు. మరిచిపోయాడో, చెప్పలేకపోయాడో.

"కూసోండ్రి," అన్నాడు వాళ్ళతో. "పట్టినంతమందిని దింపి మళ్ళొస్త."

వెనక రెండు సీట్లూ నిండాయి. గట్టమ్మ ఎక్కడా పట్టక నేల మీదే నిలబడి ఉంటే, కౌసల్య ముందు సీటు వైపు చూపించింది. గట్టమ్మ వద్దని చేతులు ఊపింది. సోమ్లీ ఆమెను చంకల కింద పట్టి ఎక్కించింది. ముసలామె ముందు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, పక్కన పటేలు ఉన్నాడని ఒళ్ళంతా తలుపు వైపుకు ఒరిగించి, ఎటూ చూడకుండా తిన్నగా రోడ్డును చూస్తూ కూర్చుంది. జీపు పోయింది.

కౌసల్య అన్నం గంప నెత్తిన పెట్టుకుని మిగిలిన ఆడవాళ్ళ వెంట నడిచింది. ఆ తోవను ఆమె ఎప్పుడూ కాలినడకన చూడలేదు. సోమ్లీ ఆమెకు నాలుగడుగులు ముందు నడుస్తూ, ముళ్ళ కంప అడ్డం వచ్చిన చోట కాలితో పక్కకు తోసి పోతోంది. అది తన కోసమో, అందరి కోసమో కౌసల్యకు తెలియలేదు. అడగలేదు. కొంతసేపయ్యాక సోమ్లీ వెనక్కి చూడకుండానే, "గంప ఇటియ్యి, మెడ నొస్తది," అంది.

"నొస్తలేదు."

"నొస్తాంది. గంప మోసే తీరు చూస్తెనే ఎరుకైతాంది." సోమ్లీ గంప తీసుకుని తన నెత్తికి మార్చుకుంది.

తిరిగి వచ్చిన జీపు వాళ్ళను సగం తోవలో కలిసింది. కౌసల్య సోమ్లీ పక్కన వెనక సీట్లో ఇరుక్కుని కూర్చుంది. ముందు సీట్లో కూలికొచ్చే తండా ఆడపిల్లలిద్దరు కూర్చున్నారు. మోకాళ్ళు మోకాళ్ళు తాకుతున్నాయి. మిరప ఘాటు పట్టిన చీరల వాసన, చెమట వాసన జీపంతా నిండింది.

కొంత దూరం పోయాక సుదర్శన్ రెడ్డి అద్దంలోకి చూశాడు. "రేపటెల్లుండ్ల ట్రాలీని తొర్రూరు పంపుతున్న. గొలుసులు, లైటు, నెంబరు, అన్ని పెట్టిస్త. ఇగ దాంతోటి ఏం భయముండది."

అది తనకేనని కౌసల్యకు తెలుసు. ఒప్పుకుంటే ఇవాళ్టి గొడవ ఇక్కడితో తీరిపోతుందని కూడా తెలుసు. పక్కన సోమ్లీ బయటికి చూస్తున్నట్టే కూర్చుంది కానీ, చెవులు ఇటే ఉన్నాయి.

"మంచిదే," అంది కౌసల్య. "మిర్పకాయలకు ఏం భయముండది."

అద్దంలో అతని కళ్ళు ఆమె మీద ఆగాయి. ఆమె తల దించుకోలేదు. సోమ్లీ పెదవి చివర కదిలీ కదలనట్టు కదిలింది.

వాగు దగ్గరపడింది. దిగుడు పైన జీపు నెమ్మదించింది. గేరు మార్చిన చప్పుడైంది. నిన్న దిగమనడం తప్ప, ఇన్నాళ్ళూ ఈ వాగు దాటించినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళతో అతను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తల తిప్పకుండా అన్నాడు:

"దిగుడున్నది. గట్టిగ పట్టుకోండ్రి."

అందరూ పట్టుకున్నారు.